విటమిన్ బిళ్ళ వేసుకునే ముందు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నాకు 54 ఏళ్లు, మావారికి 61. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వచ్చినప్పుడల్లా పెద్ద పెద్ద మల్టీవిటమిన్ డబ్బాలు, చేపనూనె క్యాప్సూల్స్ తెచ్చి రోజూ వేసుకోమంటాడు. నేను పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ బిళ్ళతో పాటు అదీ వేసేసుకుని కాఫీ తాగుతాను. రెండేళ్లయింది, నీరసం తగ్గలేదు. మూత్రం మాత్రం బాగా పసుపు పచ్చగా వస్తోంది. మావారికి పదకొండేళ్లుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడతారు. ఏడాదిగా అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు అంటున్నారు. ఆయనకూ ఈ బిళ్ళే ఇస్తున్నాను. ఇవి నిజంగా పనిచేస్తాయా, మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మానడం సంగతి తర్వాత చూద్దాం. రేపటి నుంచే మార్చుకోవలసింది ఒకటుంది. థైరాయిడ్ బిళ్ళనీ మల్టీవిటమిన్‌నీ కలిపి వేసుకోకండి. మల్టీవిటమిన్‌లో ఉండే ఐరన్, కాల్షియం కలిసి థైరాక్సిన్‌ని పేగుల్లోనే పట్టి ఉంచేస్తాయి. మందు సరిగా ఒంటికి పట్టదు. రెండిటి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. కాఫీ కూడా థైరాయిడ్ బిళ్ళ వేసుకున్న అరగంటకి, వీలైతే గంటకి తాగండి. మీ నీరసానికి ఇదే కారణం కావచ్చు. బలానికని వేసుకుంటున్న బిళ్ళ అసలు మందుకే అడ్డం పడుతోందేమో. ఇలా ఎడం పాటించి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. డోసు పెంచాలో తగ్గించాలో మీ డాక్టరు అప్పుడు చూసి చెబుతారు. పసుపు రంగు గురించి బెంగ పెట్టుకోకండి. అది బీ2 రంగు. ఒంటికి అక్కర్లేనిదంతా అలా బయటికి పోతోంది.

మీవారి సంగతి ఇంతకంటే ముఖ్యం. మెట్‌ఫార్మిన్ మంచి మందు, ఎవరి మాటా విని ఆపేయకండి. కానీ ఏళ్ల తరబడి వాడితే కొంతమందిలో బీ12 ఒంటికి పట్టడం తగ్గిపోతుంది. గ్యాస్ బిళ్ళలు, అంటే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కూడా రోజూ వేసుకునేవారైతే ఇంకా తగ్గుతుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు షుగరు వల్లా వస్తాయి, బీ12 లోపం వల్లా వస్తాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే చాలా ఇళ్లలో "షుగరు కాళ్లు" అని సరిపెట్టుకుని ఊరుకుంటారు. రక్తంలో బీ12 ఎంతుందో చూపించండి. తక్కువుంటే మల్టీవిటమిన్‌లో ఉండే కొద్దిపాటి మోతాదు చాలదు. ఇంజెక్షన్లో, 1000 మైక్రోగ్రాముల బిళ్ళలో డాక్టరు రాస్తారు. ఆలస్యం చేస్తే దెబ్బతిన్న నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. మల్టీవిటమిన్‌లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది బీ12 లోపం వల్ల రక్తంలో కనిపించే మార్పుల్ని సరిచేసేస్తుంది. దాంతో రక్తకణాలు చూసే మామూలు పరీక్ష రిపోర్టు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగిపోతూనే ఉంటుంది. అలాగే మందుల షాపులో అడిగి కొనుక్కునే "నరాల బిళ్ళల్లో" బీ6 ఎక్కువ మోతాదులో ఉంటుంది. నెలల తరబడి వాడితే అదే చేతులకీ కాళ్లకీ తిమ్మిర్లు తెస్తుంది. తిమ్మిరి తగ్గలేదని మరో బిళ్ళ కలుపుకునేవాళ్లని నేను తరచూ చూస్తుంటాను. మీవారు అలాంటివేమైనా వాడుతుంటే ఆ అట్ట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వద్దాం. మంచి తిండి తింటూ, ఏ లోపమూ లేనివాళ్లు రోజూ మల్టీవిటమిన్ వేసుకుంటే ఎక్కువ కాలం బతుకుతారా? మీ అబ్బాయి ఉంటున్న దేశంలోనే దీన్ని బాగా పరిశీలించారు. దాదాపు 3 లక్షల 90 వేల మంది ఆరోగ్యవంతుల వివరాలను 20 ఏళ్లకు పైగా గమనించి, 2024లో ఫలితాలు ప్రచురించారు. రోజూ వేసుకున్నవాళ్లలో మరణాలు తగ్గలేదు. అంతకుముందు 14 వేల పైచిలుకు మగ డాక్టర్ల మీద పదేళ్లకు పైగా జరిగిన పరీక్షలో క్యాన్సర్లు 8 శాతం దాకా తగ్గాయి గానీ, గుండెపోటులోనూ పక్షవాతంలోనూ తేడా ఏమీ లేదు. 60 దాటినవాళ్లలో జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొద్దిగా మెరుగు కనిపించిందని ఈమధ్య వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. ఇవన్నీ చదివాక కూడా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి దీన్ని రాయాలని నాకు అనిపించడం లేదు. చేపనూనె మీద 25 వేల మందికి పైగా పెద్దవాళ్లతో అమెరికాలోనే పెద్ద పరీక్ష జరిగింది. గుండె జబ్బుల్నీ క్యాన్సర్‌నీ మొత్తం మీద అది ఆపలేకపోయింది. మీరు చేప తినేవాళ్లయితే ఆ డబ్బుతో వారానికి రెండుసార్లు చేప తెచ్చుకోండి.

"పోనీ, నష్టమైతే లేదుగా" అంటారు అందరూ. నష్టం ఉన్న సందర్భాలూ ఉన్నాయి. ఫిన్లండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందిని తీసుకుని, వాళ్లలో కొందరికి బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏగా మారే పదార్థం) బిళ్ళలు ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని వాళ్ల ఆశ. 1994లో లెక్క తేలింది. ఆ బిళ్ళ వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. మీవారికి సిగరెట్టో చుట్టో అలవాటుంటే ఆ డబ్బా మీద బీటా కెరోటిన్ అని ఉందేమో చూడండి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే నష్టం వేరే ఉంది. బలానికి బిళ్ళ వేసుకుంటున్నాం కదా అని నీరసానికి కారణం వెతకడం మానేస్తారు. మా క్లినిక్‌కి ఒక పెద్దాయన వచ్చారు, కాలవ గట్టు ఎక్కితే ఆయాసం అని. ఏడాదిగా ఐరన్ టానిక్ తాగుతున్నారట. కింది కనురెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినంత తెలుపు. హిమోగ్లోబిన్ 6. విరేచనం నల్లగా వస్తోందా అని అడిగితే "వస్తోందమ్మా, టానిక్ వల్లేనట కదా" అన్నారు. ఐరన్ వల్ల నల్లగా రావడం నిజమే. కడుపులో రక్తం కారినా అలాగే వస్తుంది. మోకాళ్ల నొప్పులకి రోజూ వేసుకుంటున్న బిళ్ళలతో ఆయన పొట్టలో పుండు పడింది. ఎండోస్కోపీలో అది కనిపించాక, నొప్పి బిళ్ళలు ఆపించి, రక్తం ఎక్కించి, పుండుకి మందు ఇస్తే మనిషి తేరుకున్నారు. ఆ టానిక్ సీసాల నమ్మకమే లేకపోతే ఎప్పుడో ఆసుపత్రికి వచ్చేవారు. యాభై దాటిన మగవాళ్లకీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకీ రక్తం తగ్గితే, అది ఎక్కడ పోతోందో తేల్చకుండా బలం మందులతో కాలం గడపకూడదు.

అలాగని బిళ్ళలన్నీ దండగ అని నేను అనను. ఫలానా లోపానికి ఫలానా బిళ్ళ అని తెలిసినప్పుడు అవి ప్రాణాలు నిలబెడతాయి. పాలు, పెరుగు, గుడ్డు పెద్దగా ముట్టని శాకాహారులకి బీ12 కావాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో అది దొరకదు. పెళ్లయి పిల్లలు కావాలనుకునే అమ్మాయికి ఫోలిక్ యాసిడ్ కావాలి, రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందు నుంచే. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడేది మొదటి కొద్ది వారాల్లోనే. నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని చాలావరకు జరిగిపోతుంది. ఈ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మీకు దగ్గర్లోని భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తర్వాత ఆ జబ్బుకి వాడిన మందుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. మన గోదావరి పిల్లలు ఇది బడిలోనే చదువుకోవాలని నా కోరిక.

మీ విషయానికి వస్తే, టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షల రిపోర్టులు వచ్చేదాకా మల్టీవిటమిన్ ఆపండి. ఏదైనా తక్కువుంటే దానికే మందు వాడండి. భోజనంలో పప్పు, ఆకుకూర పెంచండి, పైన నిమ్మకాయ పిండుకోండి. భోజనానికి ముందూ వెనకా గంటసేపు కాఫీ, టీ వద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024 మార్గదర్శకాల్లో చెప్పారు, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వవని. రోజుకి కావలసిన విటమిన్ సీ ఒక్క జామకాయలోనే దొరుకుతుంది. అబ్బాయికి కూడా ఇదే చెప్పండి, అతను ప్రేమతోనే తెస్తున్నాడు. ఈసారి వచ్చేటప్పుడు డబ్బాలు వద్దు, నాన్నగారిని తీసుకెళ్లి పాదాలు చూపించమనండి.

ప్రశ్న: మేడమ్, నాకు 29. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. విటమిన్ డీ తక్కువగా, 14 మాత్రమే ఉందని డాక్టరు వారానికో 60,000 యూనిట్ల సాషే, 8 వారాలు రాశారు. అయిపోయాక కూడా నేనే కొనుక్కుని ఏడాదిగా వాడుతున్నాను, ఈమధ్య వారానికి రెండు. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ ఉన్న గమ్మీలు కూడా తింటున్నాను. థైరాయిడ్ పరీక్షలో తేడా వచ్చిందని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బాబూ, సాషేలు ఇవాళే ఆపండి. వారానికి రెండంటే సగటున రోజుకి 17 వేల యూనిట్లు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా పెద్దవాళ్లు రోజుకి 4,000 యూనిట్లు దాటకూడదు. మిగతా కొన్ని విటమిన్లలా డీ మూత్రంలో పోదు, కొవ్వులో నిల్వ ఉండిపోయి రక్తంలో కాల్షియం పెంచుతుంది. మలబద్ధకం, విపరీతమైన దాహం, వాంతులు, చివరికి కిడ్నీలకి దెబ్బ. కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, విటమిన్ డీ మూడూ ఈ వారంలోనే చూపించండి. పైన చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా వారం కూడా ఆగకండి.

థైరాయిడ్ గురించి ఇప్పుడే మందు మొదలుపెట్టకండి. బయోటిన్ ఎక్కువగా తింటే కొన్ని ల్యాబుల పరీక్ష విధానంలో టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, థైరాయిడ్ హార్మోను టీ4 తప్పుగా ఎక్కువ చూపిస్తాయి. గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ పరీక్షని కూడా ఇది తారుమారు చేస్తుంది. గమ్మీలు ఆపి, కనీసం రెండు మూడు రోజులు ఆగి మళ్లీ పరీక్ష చేయించండి, ల్యాబులో గమ్మీల సంగతి చెప్పండి. బయోటిన్ లోపం చాలా అరుదు. ఆ గమ్మీల వల్ల జుట్టు వస్తుందని నాకు నమ్మకం లేదు. జుట్టు రాలడానికి ఐరన్, థైరాయిడ్, ఈమధ్య వచ్చిన జ్వరం, వంశపారంపర్యం... వీటిలో ఏదో చర్మవైద్యులు తేలుస్తారు.

ప్రశ్న: మా పాపకి బళ్లో వారానికో నీలం బిళ్ళ ఇస్తున్నారు. వేసుకుంటే వికారంగా ఉందని పారేస్తోంది. దానికి బదులు షాపులో మంచి మల్టీవిటమిన్ కొనివ్వనా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: కొనకండి తల్లీ, ఆ నీలం బిళ్ళనే వేసుకోనివ్వండి. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. షాపులో దొరికే చాలా మల్టీవిటమిన్లలో ఐరన్ అందులో సగం కూడా ఉండదు, పిల్లల గమ్మీల్లో చాలావాటిలో అసలే ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ పాప ఎదిగే వయసులో ఉంది, ఆ బిళ్ళ ఊరికే ఇవ్వడం లేదు.

వికారం పరగడుపున వేసుకుంటేనే ఎక్కువ. మధ్యాహ్న భోజనం అయ్యాక, గ్లాసెడు నీళ్లతో వేసుకోమనండి. పాలతో, టీతో వద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పండి, లేకపోతే తర్వాతి వారం కూడా పారేస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మందు కూడా తప్పనివ్వకండి. ఒకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ చూపించండి. 12 దాటిన వయసులో 12 గ్రాముల కంటే తక్కువుంటే వారానికో బిళ్ళ సరిపోదు. రోజూ వాడే కోర్సు అక్కడే ఉచితంగా ఇస్తారు.