టెక్ సందేహాలు: ప్రొసీజర్ సగంలోనే తెగిపోతుంటే...

ప్రశ్న: మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో స్టోర్డ్ ప్రొసీజర్లు (ఒక పేరుతో డేటాబేస్‌లో దాచి, పిలిచినప్పుడు నడిపే క్వెరీల కట్టలు) రాయడం ఇప్పుడే నేర్చుకుంటున్నాను. దాని వర్క్‌బెంచ్ టూల్‌లో రన్ చేస్తే 1064 సింటాక్స్ ఎర్రర్ వస్తోంది. లోపలి క్వెరీలు విడిగా రన్ చేస్తే బాగానే నడుస్తున్నాయి. టెర్మినేటర్ (స్టేట్‌మెంట్ ముగిసిందని చెప్పే గుర్తు) మార్చుకోమని మా సీనియర్ అన్నారు. ఎక్కడ మార్చాలి? మారిస్తే మిగతా స్క్రిప్టులు పాడవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఆఫీసులో డీబీవర్ అనే డేటాబేస్ టూల్ కూడా వాడతాను.

జవాబు: ఆ ఎర్రర్ మెసేజ్ చివర ఒకసారి చూడండి. ‘నియర్’ అన్న మాట తర్వాత కొటేషన్ల మధ్య ఏమీ లేకుండా, పక్కన లైన్ నంబర్ మాత్రమే ఉందా? అయితే విషయం అక్కడే ఉంది. మొదటి లైన్‌లో క్రియేట్ ప్రొసీజర్, రెండో లైన్‌లో బిగిన్, మూడో లైన్‌లో ఒక అప్‌డేట్, దాని చివర సెమీకోలన్ ఉన్నాయనుకోండి. ఎర్రర్ మూడో లైన్ దగ్గర వస్తుంది. సెమీకోలన్ కనబడగానే స్టేట్‌మెంట్ అయిపోయిందనుకుని, అంతవరకే కోసి సర్వర్‌కు పంపింది మీ టూల్. ఎండ్ అన్న మాట సర్వర్‌దాకా చేరనే లేదు.

కాబట్టి టూల్‌కు వేరే గుర్తు చెప్పాలి. ప్రొసీజర్‌కు ముందు డెలిమిటర్ (DELIMITER) అని రాసి, ఖాళీ వదిలి, $$ పెట్టండి. చివర ఎండ్ పక్కన $$ రాయండి. ఆ తర్వాతి లైన్‌లో డెలిమిటర్, ఖాళీ, సెమీకోలన్. లోపలి సెమీకోలన్లు వేటినీ ముట్టుకోవద్దు, అవి సర్వర్‌కు కావాలి. చివరి డెలిమిటర్ లైన్‌లో ఆ ఖాళీ మరచిపోయి అవస్థ పడేవాళ్లు చాలామంది. గుర్తుగా // కూడా వాడొచ్చు కానీ బ్యాక్‌స్లాష్ మాత్రం వద్దు, మై ఎస్‌క్యూఎల్‌లో దానికి వేరే పని ఉంది.

డెలిమిటర్ అనేది సర్వర్‌కు తెలిసిన కమాండ్ కాదు, టూల్‌కు మనం చెప్పే మాట. అందుకే పీహెచ్‌పీ లేదా జావా ప్రోగ్రామ్ నుంచి నేరుగా పంపితే అదే ఎర్రర్ అవుతుంది. అక్కడ దాని అవసరం కూడా లేదు, ప్రొసీజర్ మొత్తాన్ని ఒకే స్టేట్‌మెంట్‌గా పంపితే చాలు.

డీబీవర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో ఎడిటర్స్, ఎస్‌క్యూఎల్ ఎడిటర్, ఎస్‌క్యూఎల్ ప్రాసెసింగ్ దాకా వెళ్తే స్టేట్‌మెంట్ డెలిమిటర్ మార్చుకోవచ్చు. ఖాళీ లైన్‌ను కూడా ముగింపుగా లెక్కించాలా వద్దా అన్న ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది. ప్రొసీజర్ మధ్యలో ఖాళీ లైన్లు వదిలే అలవాటుంటే దాన్ని తప్పక చూసుకోండి. అయినా నా సలహా, సెట్టింగ్ జోలికి పోకుండా స్క్రిప్ట్‌లోనే డెలిమిటర్ రాయమని. సెట్టింగ్ మీ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, ఫైలేమో పక్క సీటు వాళ్లకు కూడా వెళ్తుంది. పైగా చివర మళ్లీ సెమీకోలన్‌కు తెచ్చేస్తారు కనుక మిగతా స్క్రిప్టులకు ఏమీ కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఎర్రర్ వచ్చినా ముందుకు సాగిపొమ్మని మీ టూల్‌లో పెట్టి ఉంటే, తెగిన మొదటి ముక్క ఫెయిలయ్యాక మిగతా ముక్కలు మామూలు క్వెరీల్లాగే నడుస్తాయి. ప్రొసీజర్ లోపల మొదటి సెమీకోలన్ తర్వాత ఒక టేబుల్‌ను ఖాళీ చేసే డిలీట్ ఉందనుకోండి, ప్రొసీజర్ తయారు కాదు గానీ టేబుల్ నిజంగానే ఖాళీ అవుతుంది. ఎర్రర్ దగ్గర ఆగే ఆప్షన్ ఆన్‌లో ఉంచి, టెస్ట్ డేటాబేస్‌లోనే ప్రయత్నించండి.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో పైన డిక్లేర్ చేసిన వేరియబుల్, కింద వాడితే డిక్లేర్ చేయలేదంటోంది. ఎందుకు?

జవాబు: మధ్యలో ఎక్కడో ‘గో’ (GO) ఉండి ఉంటుంది. అది కూడా టూల్‌కు చెప్పే మాటే, అక్కడితో బ్యాచ్, అంటే సర్వర్‌కు ఒకేసారి పంపే స్టేట్‌మెంట్ల గుంపు, ముగుస్తుంది. వేరియబుల్ ఆయుష్షు ఆ బ్యాచ్ వరకే. గో తీసేయండి, లేదా దాని కింద మళ్లీ డిక్లేర్ చేసి విలువ ఇవ్వండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు వాడే మేనేజ్‌మెంట్ స్టూడియో టూల్ ఆప్షన్స్‌లో గో బదులు వేరే మాట పెట్టుకోవచ్చు కానీ, అలా చేస్తే గో ఉన్న పాత స్క్రిప్టులన్నీ మీ దగ్గర మొరాయిస్తాయి.