డీఎన్‌ఏ పరీక్షలో ‘ట్రేస్’ వస్తే టీబీ తిరగబెట్టినట్టేనా?

ప్రశ్న: మా వారి వయసు 44. చీమకుర్తి దగ్గర గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్లలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నారు. రెండేళ్ల క్రితం ఊపిరితిత్తుల టీబీ వస్తే ఆరు నెలలు మందులు పూర్తిగా వాడారు, తగ్గిపోయిందని డాక్టర్లు చెప్పారు. నెల రోజులుగా మళ్లీ దగ్గు, ఆయాసం ఉన్నాయి. జ్వరం లేదు. మైక్రోస్కోపుతో చూసిన కళ్లె పరీక్ష నెగెటివ్ వచ్చింది. ప్రైవేటు ల్యాబ్‌లో కళ్లెకు ‘ఎక్స్‌పర్ట్ అల్ట్రా’ అనే డీఎన్‌ఏ పరీక్ష చేసి ‘ఎంటీబీ డిటెక్టెడ్, ట్రేస్’ (టీబీ క్రిమి జాడ లేశమాత్రంగా ఉంది) అనీ, టీబీ మందు రిఫాంపిసిన్ దగ్గర ‘ఇండిటర్మినేట్’ (తేల్చలేం) అనీ ఇచ్చారు. వెంటనే మందులు మొదలుపెట్టాలని ఒకరు, రక్తంతో చేసే టీబీ పరీక్ష చేయిస్తే తేలిపోతుందని మరొకరు అంటున్నారు. ఏది నమ్మాలి? మా ఇద్దరు పిల్లలకు కూడా ఈ డీఎన్‌ఏ పరీక్ష చేయించాలా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సలహా: మీ వారికి వచ్చిన రెండు రిపోర్టుల్లో ఏదీ తప్పు కాకపోవచ్చు. అయితే ‘ట్రేస్’ అన్న ఒక్క మాటను పట్టుకుని మందులు మొదలుపెట్టడం తొందరపాటు అవుతుంది. దాన్ని పక్కన పడేసి ఊరుకోవడం అంతకంటే ప్రమాదం. ఆయన విషయంలో అసలు సంగతి తేల్చేది కళ్లె కల్చర్ పరీక్ష (కళ్లెలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూడటం), పాత ఎక్స్‌రేలతో కొత్త ఎక్స్‌రేను పోల్చి చూడటం.

ఒకే మనిషి కళ్లె ఒక పరీక్షలో నెగెటివ్, మరొక పరీక్షలో పాజిటివ్ ఎలా వస్తుందన్నది చాలామందికి కలిగే సందేహమే. మైక్రోస్కోపు కింద టీబీ క్రిములు కనిపించాలంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో సుమారు 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించిన జీన్‌ఎక్స్‌పర్ట్ అనే డీఎన్‌ఏ పరీక్ష (మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీబీనాట్ అంటారు) సుమారు 130 క్రిములున్నా పట్టుకోగలదు. దాని తరువాత వచ్చిన అల్ట్రా రకానికి సుమారు 16 ఉన్నా చాలు. గోవాలోని మోల్‌బయో సంస్థ తయారుచేసిన ట్రూనాట్ కూడా ఇదే కోవలోనిది. బ్యాటరీతో పనిచేస్తుంది కాబట్టి చిన్న ఆసుపత్రుల్లోనూ వాడుకోవడానికి వీలైంది.

ఈ కిట్లన్నిటి పని ఒక్కటే. కళ్లెలోని క్రిముల నుంచి డీఎన్‌ఏను బయటకు తీసి, అందులో టీబీ క్రిమికి మాత్రమే ప్రత్యేకమైన చిన్న ముక్కను వేడి, చల్లదనాల చక్రాల్లో పదే పదే రెట్టింపు చేస్తాయి. 30 చక్రాలు సవ్యంగా తిరిగితే ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది. అంత సూక్ష్మంగా పట్టుకోగలగడమే వీటి బలం. అయితే యంత్రం చూసేది డీఎన్‌ఏనే తప్ప క్రిమి ప్రాణంతో ఉందా లేదా అన్నది కాదు. ఊరు ఖాళీ అయిన తరువాత కూడా ఇళ్ల గోడలు కొంతకాలం నిలిచి ఉన్నట్టు, మందులకు చచ్చిన క్రిముల డీఎన్‌ఏ ఊపిరితిత్తుల మచ్చల్లో నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి మిగిలి ఉంటుంది. చికిత్స నడుస్తుండగా మందు పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి ఈ పరీక్షను వాడకపోవడానికీ, అక్కడ మైక్రోస్కోపు, కల్చర్ పరీక్షలనే నమ్ముకోవడానికీ కారణం ఇదే.

ఇక ‘ట్రేస్’ సంగతి. అల్ట్రా పరీక్ష టీబీ క్రిమిలో ఎక్కువ ప్రతులుగా ఉండే రెండు జన్యు భాగాలను, ఒకే ప్రతిగా ఉండే ఆర్‌పీఓబీ అనే జన్యువును వెతుకుతుంది. మొదటివి దొరికి, ఆర్‌పీఓబీ దొరకకపోతే దాన్ని ట్రేస్ అంటారు. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందా లేదా అన్నది ఆ ఆర్‌పీఓబీ జన్యువును చూసే చెప్పాలి. అది దొరకలేదు కాబట్టే మీ రిపోర్టులో ‘ఇండిటర్మినేట్’ అని రాశారు. దాని అర్థం మందుకు లొంగని టీబీ అని కాదు. గత ఐదేళ్లలో టీబీకి మందులు వాడినవారిలో ట్రేస్ వచ్చినప్పుడు అది పాత క్రిముల అవశేషమే అయ్యే అవకాశం గణనీయంగా ఉంటుంది. అదే హెచ్ఐవీ ఉన్నవారిలో, చిన్నపిల్లల్లో అయితే ట్రేస్‌ను నిజమైన టీబీగానే తీసుకుంటాం. మీ వారికి హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు చేయించమని డాక్టరు అడిగితే అనుమానంతో అడుగుతున్నారని అనుకోకండి. ఈ రిపోర్టును ఎలా చదవాలన్నది ఆ ఫలితాలను బట్టి మారుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది యంత్రం ఇచ్చిన ఫలితం కాదు, ఆయన చేస్తున్న పని. రాతిని కోసేటప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికీ దగ్గు, ఆయాసమే లక్షణాలు. ఎక్స్‌రేలో మచ్చలు కూడా టీబీ మచ్చలను పోలి ఉండవచ్చు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సోకే ముప్పు మామూలు వారికంటే చాలా ఎక్కువ, ఒకసారి తగ్గినా మళ్లీ వచ్చే అవకాశమూ ఎక్కువే. కాబట్టి జ్వరం లేదు, ట్రేస్ మాత్రమే వచ్చింది అని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. డాక్టరు అడగకపోయినా పదిహేనేళ్ల రాతి పని గురించి మీరే చెప్పండి. ఒకవేళ సిలికోసిస్ అని తేలితే, అది చట్టం ప్రకారం వైద్యుడు అధికారులకు తెలియజేయవలసిన వృత్తి సంబంధ వ్యాధి.

ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వైద్యుణ్ని కలిసి, కళ్లెను ద్రవ కల్చర్‌కు పంపమని అడగండి. దాని తుది ఫలితానికి 42 రోజుల వరకూ పట్టవచ్చు, కానీ పెరిగేది బతికి ఉన్న క్రిమి మాత్రమే కాబట్టి మీకు కావలసిన జవాబు అందులోనే దొరుకుతుంది. క్రిమి పెరిగితే దాని మీద లైన్ ప్రోబ్ అనే జన్యు పరీక్ష చేసి రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ అనే టీబీ మందులకు లొంగుతుందో లేదో చూస్తారు. ఈలోగా ఆయాసం పెరిగినా, కళ్లెలో రక్తం పడినా, జ్వరం మొదలైనా, ఎక్స్‌రేలో కొత్త మచ్చలు కనిపించినా కల్చర్ కోసం ఆగకుండా డాక్టరు మందులు మొదలుపెట్టవచ్చు.

శాంపిల్ విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. తెల్లవారుజామున నోరు మంచినీళ్లతో పుక్కిలించి, లోతుగా ఊపిరి తీసుకుని దగ్గి తీసిన చిక్కటి కళ్లె కావాలి. ఉమ్ము ఇస్తే ఎంత ఖరీదైన కిట్ అయినా నిష్ప్రయోజనమే. ఎండలో బస్సు సంచిలో పెట్టి తీసుకువెళ్లిన డబ్బాలో వేరే క్రిములు పెరిగి కల్చర్ పాడవుతుంది కాబట్టి వీలైతే ఆసుపత్రిలోనే ఇవ్వండి. రెండోది, శాంపిల్ ఇచ్చేవరకూ దగ్గు తగ్గడానికని మందుల షాపులో లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మాత్రలు కొని వేసుకోవద్దు. అవి టీబీ క్రిమిని సగం అణచి, కల్చర్‌ను నెగెటివ్‌గా చూపించి, తరువాత అదే మందుకు లొంగకుండా చేయగలవు. మన దగ్గర ఇది విచ్చలవిడిగా జరుగుతోంది.

రక్తంతో చేసే టీబీ పరీక్ష మీద డబ్బు ఖర్చు చేయవద్దు. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ అని చెప్పే కిట్లను కేంద్ర ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. ఇగ్రా అనే మరో రక్త పరీక్ష ఉంది కానీ, ఒంట్లో ఎప్పుడైనా టీబీ క్రిమి చేరిందా అన్నది మాత్రమే అది చెబుతుంది. ఒకసారి టీబీ వచ్చిన మనిషికి అది పాజిటివ్ వచ్చినా కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఊపిరితిత్తుల టీబీకి రక్తంలో డీఎన్‌ఏ వెతకడం కూడా నమ్మదగిన పద్ధతి కాదు.

పిల్లల విషయానికి వస్తే, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం వంటివి ఏవీ లేని పిల్లలకు ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్ష అవసరం లేదు. కల్చర్ ఫలితం వచ్చేవరకూ మీ వారు ఇంట్లో మాస్కు పెట్టుకుని, గాలి, వెలుతురు వచ్చే గదిలో విడిగా పడుకోవడం మంచిది. ఆయనకు టీబీ ఉందని నిర్ధారణ అయితే మాత్రం ఇంట్లో అందరినీ పరీక్షించి, టీబీ లేదని తేలినవారికి రాకుండా ముందుజాగ్రత్త మందులు ఇస్తారు. ప్రభుత్వ కార్యక్రమంలో ఇవి ఉచితం. వివరాలు కావాలంటే ప్రభుత్వ టీబీ హెల్ప్‌లైన్ నిక్షయ్ సంపర్క్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-6666కు ఫోన్ చేయవచ్చు.