మూడు దగ్గర మొదలుపెట్టకు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. మండి బజార్‌లో మీ పక్క షాపు ముస్లిం దోస్తు "మీ క్రైస్తవులకు ముగ్గురు దేవుళ్లు కదా, అదెట్లా?" అని అడిగితే, నువ్వు నీళ్లు, మంచు, ఆవిరి అంటూ మొదలుపెట్టావు. అతను ఒక్క ఎదురు ప్రశ్న వేసేసరికి నీకు కోపం వచ్చింది. వారం నుంచి ఇద్దరూ కలిసి చాయ్ కూడా తాగడం లేదన్నావు. నాకు ఎక్కువ బాధ అనిపించింది ఆ చివరి మాటకే.

ఆ నీళ్ల ముచ్చట నేనూ చెప్పినవాణ్నే. నేను రైల్వేలో అసిస్టెంట్ డ్రైవర్‌గా చేసిన రోజుల్లో నాతో బండి నడిపిన పెద్దాయన ఒకరు ఉండేవారు. చాచా అని పిలిచేవాణ్ని. ఇల్లు కాజీపేట దర్గా దగ్గర, ఐదు పూటల నమాజు తప్పని మనిషి. ఒకరోజు బల్లార్షా రన్నింగ్ రూమ్‌లో, అంటే డ్రైవర్లు ఆగి పడుకునే గదిలో, అన్నాలు తిన్నాక ఇదే ప్రశ్న అడిగారు. నేను గ్లాసులో నీళ్లు చూపించి, ఇవే గడ్డకడితే మంచు, కాగితే ఆవిరి, మూడూ నీళ్లే అన్నాను. చాచా గ్లాసు వైపు కాసేపు చూశారు. "సరే బేటా. ఈసా నబీ, అదే మీ యేసు, నదిలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆకాశం నుంచి ఒక గొంతు వినిపించిందని నువ్వే చెప్పావు. మంచుగా ఉన్న నీళ్లు అదే సమయంలో ఆవిరిగా ఎట్లుంటాయి? మరి పై నుంచి మాట్లాడింది ఎవరు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదువుకుంటే తెలిసింది, చాచా పట్టుకున్న తప్పును సంఘం ఎప్పుడో పట్టుకుంది. ఒకే దేవుడు ఒకసారి తండ్రిలా, ఒకసారి కుమారుడిలా, ఒకసారి ఆత్మలా కనిపిస్తాడన్న బోధ మూడో శతాబ్దంలో సబెల్లియస్ అనే ఆయన పేరుమీద నడిచింది. సంఘం దాన్ని తోసేసింది. నీళ్ల ఉదాహరణ అచ్చం అదే. పెంకు, తెల్లసొన, పచ్చసొన కలిస్తే ఒక గుడ్డు అనే ఉదాహరణ ఇంకా అన్యాయం. పెంకు ఒక్కటే గుడ్డు కాదు. మరి తండ్రి దేవునిలో మూడో వంతని మనం ఎప్పుడు నమ్మాం? ఒకే ఇంట్లో ముగ్గురు మనుషులు అన్నావంటే నిజంగానే ముగ్గురు దేవుళ్లను ఒప్పుకున్నట్టు. ఇక త్రియేకుడు, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మగా ఉన్న ఒక్క దేవుడు, అన్న మాట వినగానే మన తెలుగు చెవికి త్రిమూర్తులు గుర్తొస్తారు. అది వేరే నమ్మకం, ఇది వేరే అని ముందే చెప్పు. ఉదాహరణలన్నీ పక్కన పెట్టేయ్.

ముస్లింతో మాట్లాడేటప్పుడు ఒక్కడు అన్న దగ్గరే మొదలుపెట్టాలి. తౌహీద్, అంటే దేవుడు ఒక్కడే అన్న మాట, వాళ్లకు ప్రాణం. దేవునికి జత కలపడాన్ని షిర్క్ అంటారు, వాళ్ల లెక్కలో దాన్ని మించిన పాపం లేదు. ఖురాన్‌లో ఇఖ్లాస్ అనే సూరాలో, అంటే అధ్యాయంలో, ఉన్నవి నాలుగే ఆయత్‌లు, అంటే వచనాలు, చిన్నపిల్లలకు కూడా నోటికి వస్తాయి: అల్లాహ్ ఒక్కడే, ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు. అది నోట్లో పెట్టుకుని పెరిగిన పిల్లవాడు నిన్ను అడుగుతున్నాడంటే, నువ్వు అంత పెద్ద పాపంలో ఉన్నావేమోనని అతనికి భయంగా ఉండొచ్చు. అట్లా అనుకుని విను, కోపం రాదు.

ముందు ద్వితీయోపదేశకాండం 6:4 తీసి చూపించు: "ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనది ఏదని అడిగితే యేసు ప్రభువు ఈ వాక్యంతోనే జవాబు మొదలుపెట్టాడు, అది మార్కు 12:29లో ఉంది. "ముగ్గురు దేవుళ్లున్నారని ఎవరన్నా అంటే నేనూ మీతోపాటే తప్పంటాను" అని మనస్ఫూర్తిగా చెప్పు. అది నిజం కాబట్టే చెప్పమంటున్నా.

ఆ తర్వాత అతన్నే అడుగు, త్రిత్వం, అదే మన త్రియేక దేవుని నమ్మకం, అంటే నువ్వేమనుకుంటున్నావు అని. చాలామంది మనసులో ఉండేది దేవుడు, మరియమ్మ, వాళ్ల కొడుకు. ఖురాన్‌లో మాయిదా సూరా 116వ ఆయత్‌లో, నన్నూ నా తల్లినీ దేవుళ్లుగా చేసుకోండని నువ్వు చెప్పావా అని అల్లాహ్ ఈసాను అడుగుతాడు. ఫాతిమానగర్ వైపు పోతూ మరియమ్మ విగ్రహం ముందు కొవ్వొత్తులు చూసినవాడికి ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. కాథలిక్కులైనా మనమైనా మరియమ్మను త్రిత్వంలో లెక్కపెట్టమనీ, దేవునికి భార్య లేదనీ, కుమారుడన్న మాటలో శరీర సంబంధమే లేదనీ మొహమాటపడకుండా విడమరిచి చెప్పు. ఓరుగల్లు బిడ్డ అంటాం, ఓరుగల్లు ఎవరినీ కనలేదు కదా. అరబీలో కూడా బాటసారిని ఇబ్నుస్సబీల్, దారి కొడుకు, అంటారు. బఖరా సూరా 177వ ఆయత్‌లోనే ఆ మాట ఉంది. అయితే అక్కడితో ఆపేస్తే మోసం చేసినట్టే. మనం ఉత్త పోలికగా కుమారుడు అనడం లేదు. తండ్రి ఎప్పటినుంచి ఉన్నాడో కుమారుడూ అప్పటినుంచే ఉన్నాడని నమ్ముతున్నాం.

దీన్ని విప్పడానికి నాకు దొరికిన మంచి దారి "వాక్యం" అన్న మాట. యోహాను మొదటి వచనం నిదానంగా చదువు: "ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను." దేవునియొద్ద ఉంది, కాబట్టి తండ్రీ వాక్యమూ ఒకరే అనలేం. దేవుడై ఉంది, కాబట్టి ఇంకో దేవుడు అనలేం. పద్నాలుగో వచనానికి వచ్చేసరికి ఆ వాక్యమే శరీరధారి అయింది.

ఇలాంటి ముడి ముస్లిం పండితులకు కొత్త కాదు బిడ్డా. ఖురాన్ అల్లాహ్ వాక్కు. మరి ఆ వాక్కు సృష్టించబడిందా, ఎప్పటినుంచో ఆయనతో ఉన్నదా? 833లో ముస్లింల పాలకుడు ఖలీఫా మామూన్ సృష్టించబడిందేనని ఒప్పుకోమని పండితులను బలవంతపెట్టాడు. బాగ్దాద్‌లో ఇమామ్ అహ్మద్ ఇబ్న్ హంబల్ ఒప్పుకోలేదు. జైల్లో పెట్టారు, తర్వాతి ఖలీఫా కొరడాలతో కొట్టించాడు, అయినా మాట మార్చలేదు. చివరికి సున్నీల్లో నిలిచింది ఆయన మాటే. అల్లాహ్ వాక్కు అనాది, అయినా రెండో అల్లాహ్ కాదు. ఆయన గుణాలను "ఆయనే అని అనలేం, ఆయన కానివీ అనలేం" అంటారు వాళ్ల పెద్దలు. నీ దోస్తుకు ఇది గుర్తుచేస్తే, ఒక్కడైన దేవునిలో ఇంత లోతుందని అతనికి తన ఇంట్లోనే కనిపిస్తుంది.

కానీ "మీరూ త్రిత్వాన్ని నమ్ముతున్నట్టే" అని మాత్రం ఎప్పుడూ అనకు. వాళ్లు వాక్కును వ్యక్తి అనరు, దాన్ని ఆరాధించరు. తేడా అక్కడుంది, నువ్వే ముందు చెప్పు. నిసా సూరా 171వ ఆయత్‌లో ఈసాను అల్లాహ్ కలిమా, అంటే వాక్కు, అనీ, ఆయన నుంచి వచ్చిన రూహ్, అంటే ఆత్మ, అనీ అన్నారు. మనవాళ్లు సంబరంగా అది చూపిస్తారు. అదే ఆయత్‌లో "మూడు అనకండి" అని కూడా ఉంది. సగం చదివి సగం దాచేవాడి మాట ఎవరు వింటారు?

ఇంతా చెప్పాక లెక్క చిన్నదే. దేవుడు ఎందరంటే ఒక్కడే. ఆ ఒక్క దేవుడు ఎవరంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. మత్తయి 28:19లో "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" అని ఉంది, నామములలోనికి అని లేదు. "మరి యేసు తనకు తానే ప్రార్థన చేసుకున్నాడా?" అని తప్పకుండా అడుగుతాడు. లేదు, కుమారుడు తండ్రికి ప్రార్థించాడు. నాకైతే యోహాను 17:24 చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. లోకానికి పునాది వేయకముందే నువ్వు నన్ను ప్రేమించావని కుమారుడు తండ్రితో అంటాడు. మనుషులు లేరు, దూతలు లేరు, అప్పటికే దేవునిలో ప్రేమ ఉంది. మనం పుట్టాక నేర్చుకున్న ప్రేమ కాదది. నేను త్రిత్వాన్ని నమ్మేది లెక్క కుదిరిందని కాదు బిడ్డా, దీనికోసం.

325లో సంఘ పెద్దలు కూడిన నీకయ సభలో ఓట్లేసి యేసును దేవుణ్ని చేశారని కూడా వింటావు. అక్కడ తేల్చింది వేరే సంగతి. కుమారుడు తండ్రి చేసిన సృష్టి అని అరియస్ అనే ఆయన బోధిస్తే, కాదు, తండ్రితో ఒకే సారం అన్నారు. ఆత్మ గురించిన వివరమైన మాటలు 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నాటివి. ఆరాధన అంతకు చాలా ముందునుంచే ఉంది. ఆ నీకయ ఉన్న బితూనియ అనే రోమా రాష్ట్రానికి గవర్నర్‌గా పోయిన ప్లినీ, సుమారు 112లో రోమా చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడతారని చెప్పాడు. ప్లినీ మనవాడు కాదు, మనవాళ్లను శిక్షించినవాడు. ఇంకొకటి, ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో 1 యోహాను 5:7 చూపించి ఇదిగో త్రిత్వం అనకు. ఆ మాటలు పాత గ్రీకు ప్రతుల్లో లేవు, చదువుకున్న ముస్లింకు ఆ సంగతి తెలిసే ఉంటుంది.

మాట్లాడేది షాపు ముందు నలుగురిలో వద్దు. నలుగురి ముందు ఎవరూ ఓడిపోవడానికి ఇష్టపడరు. వాళ్ల ప్రవక్త గురించి ఒక్క తక్కువ మాట రానీయకు. బైబిలును ఎక్కడ పెడుతున్నావో చూసుకో. ఆ రన్నింగ్ రూమ్‌లో నా బైబిలు బెంచీ మీద, టిఫిన్ డబ్బా కింద ఉంది. చాచా మాట్లాడుతూనే డబ్బా తీసి పక్కన పెట్టి, బైబిలు మీది నీటి చుక్కలు తన రుమాలుతో తుడిచి, పైన అల్మారాలో పెట్టారు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నా బైబిలు ఎప్పుడూ కింద లేదు.

వాక్యం సంగతి నేను చాచాకు చెప్పగలిగేసరికి రెండేళ్లు పట్టింది. అంతా విని, "సమజయింది బేటా. ఒప్పుకోను. కానీ మీకు ముగ్గురు దేవుళ్లని ఇక నేను అనను, ఎవరన్నా అంటే అననీయను" అన్నారు. రిటైరయ్యేదాకా మా ఇద్దరి మధ్య ఆ ముచ్చట మళ్లీ మళ్లీ వచ్చేది.

రేపు షాపు తెరవగానే నువ్వే వెళ్లి, కోపంగా మాట్లాడినందుకు మాఫీ అడుగు. చాయ్ నువ్వే చెప్పు. అతనికి వీలైతే ఆదివారం మధ్యాహ్నం ఇంటికి తీసుకురా, నేను ఇంట్లోనే ఉంటాను. మాంసం హలాల్ దుకాణం నుంచే తెస్తామని పెద్దమ్మ చెప్పమంది.

మీ పెద్దబాపు