వీధిలోకి కుక్కతో వెళ్లేముందు

అమ్మాయీ,

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మీ ఫ్లాట్‌కి మూడు నెలల లాబ్రడార్ పిల్ల వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి మురిసిపోయాడు. నాకూ సంతోషమే. కానీ ఒంగోలులో పశువైద్యశాల కాంపౌండరుగా పనిచేసి రిటైరైన మనిషిని. ముద్దుగా ఉందని చెప్పి ఊరుకోలేను. దానికేం పెట్టాలో చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. లైసెన్సు గురించి, గొలుసు గురించి చెప్పేవాళ్లే తక్కువ.

ముందు టీకా. మూడు నెలలు నిండాయి కాబట్టి రేబిస్ టీకా వెంటనే వేయించు. డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, ఆపైన ఏటేటా. టీకా పుస్తకంలో తేదీ, సీసా మీది స్టిక్కరు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకో. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. అలాగని ఆ రోజు దాకా ఆగవద్దు.

ఆ పుస్తకం చేతికి రాగానే నగరపాలక సంస్థ కార్యాలయానికి వెళ్లి, ప్రజారోగ్య విభాగంలో లైసెన్సు సంగతి అడుగు. ఆధార్ నకలు, కుక్క ఫోటో కూడా తీసుకెళ్లు. రుసుము ఎంతో, మళ్లీ ఎప్పుడు పునరుద్ధరించాలో అడిగి రాసుకో. రసీదు లేకుండా బయటికి రాకు. ఎవరూ అడగని కాగితం కోసం ఈ తిరుగుడెందుకని మీ ఆయన అనవచ్చు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలను పట్టి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, టీకా చేయించడం నగరపాలక సంస్థ పని. పెంపుడు కుక్క టీకా, పురుగుల మందు, శస్త్రచికిత్స యజమాని బాధ్యత. గేటు తెరిచి ఉన్నప్పుడు జారిపోయిన పిల్ల మెడలో ఏమీ లేకపోతే, పట్టుకునే బండివాళ్లకు అది వీధికుక్కే. నగరపాలక సంస్థవాళ్లు లైసెన్సు బిళ్ల ఇచ్చినా ఇవ్వకపోయినా, నీ ఫోను నంబరు చెక్కించిన బిళ్ల ఒకటి మెడపట్టీకి తగిలించు.

ఇక గొలుసు. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఒంగోలులో మా వీధిలో ఒకాయన తన కుక్కను తెల్లవారుజామున వదిలేసేవాడు. ‘ఏమీ చేయదండీ, ఆడుకోవడానికి వస్తుంది’ అనేవాడు. నిజమే, ఆడుకోవడానికే పరిగెత్తింది. ఎదురుగా సైకిలు మీద పాలక్యాన్లతో వస్తున్న పెద్దాయనకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? బెదిరి హ్యాండిల్ తిప్పేశాడు. క్యాన్లు రోడ్డు మీద దొర్లాయి, ఆయన తుంటి విరిగింది. కుక్క పన్ను కూడా తగల్లేదు. కరిస్తేనే తప్పు అనుకునేవాళ్లకు ఇది అర్థం కాదు. పెంపుడు జంతువువల్ల మనుషుల ప్రాణానికి ముప్పు, పెద్ద గాయం కలగకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కాబట్టి గుమ్మం దాటితే గొలుసు చేతిలో ఉండాలి, మెట్ల మీదా, లిఫ్టులోనూ. పొడవు నాలుగైదు అడుగులు చాలు. మనుషులు ఎదురైతే దగ్గరకు లాక్కుని పక్కకు నిలబడు. మెడపట్టీలో రెండు వేళ్లు దూరాలి, మూడో వేలు దూరితే తల జార్చుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లు మనవి, కొక్కెం తుప్పు పడుతుంది. వారానికోసారి దాని స్ప్రింగు నొక్కి చూడు. చిన్నపిల్లల చేతికి గొలుసు ఇవ్వకు. ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే తిప్పు, తారురోడ్డు పాదాలను కాల్చేస్తుంది.

అయితే ఆ గొలుసును బాల్కనీ ఊచకు కట్టి, పొద్దస్తమానం అక్కడే ఉంచకు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత నడిపించకపోవడం కూడా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో నేరమే. కట్టేసిన కుక్కే తరచు కసిగా తయారవుతుంది. రోజూ పశువైద్యశాల గుమ్మంలో చూసిన మాట ఇది.

అపార్ట్‌మెంటు సంఘం కుక్కలనే పెంచకూడదని, లిఫ్టు ఎక్కించకూడదని అంటే, భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు అందుకు ఒప్పుకోవని మర్యాదగా చెప్పు. ఆ మాట చెప్పే హక్కు నీకుండాలంటే కుక్క చేసిన చెత్త తీయడానికి సంచీ, కాగితం ఎప్పుడూ చేతిలో ఉండాలి. దాన్ని వాచ్‌మన్‌ చేత తీయించడం నాకు అసలు ఇష్టం లేదు.

చివరగా ఒకటి. ఎంత జాగ్రత్తపడినా ఎవరినైనా గీరినా, కరిచినా వాదన పెట్టుకోకు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగించు. పసుపు, కారం, సున్నం ఏవీ పూయనివ్వకు. ఆ మనిషిని వెంటనే ప్రభుత్వాసుపత్రికి నువ్వే తీసుకెళ్లు, టీకాలన్నీ పూర్తయ్యేదాకా కనుక్కుంటూ ఉండు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కుక్కను పది రోజులు ఇంట్లోనే ఉంచి, ఎలా ఉందో గమనిస్తూ ఉండాలి.

టీకా పుస్తకం మొదటి పేజీ ఫోటో తీసి నాకు పంపు. బూస్టరు తేదీ మా క్యాలెండరులో కూడా రాసుకుంటాను. మీ పెద్దమ్మ ఆశీస్సులు చెప్పమంది.

మీ పెదనాన్న