క్రూజ్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఒకే బల్ల దగ్గర భోజనం: విడిగా బల్ల అడగాలా?

మీరు అడిగింది ఇది: ఏడు రాత్రుల క్రూజ్, మీరిద్దరూ, ఆరేళ్ల బాబు, పదకొండేళ్ల పాప. రాత్రి భోజనానికి తొలి విడతలో పదిమంది కూర్చునే బల్ల కేటాయించారు. మిగతా ఆరుగురూ ఎవరో తెలియదు. ఓడ ఎక్కకముందే ఫోను చేసి నలుగురికీ విడిగా బల్ల అడగాలా, లేక ఉన్నదాన్నే ఉంచుకోవాలా?

ఉంచుకోండి. మేము పిల్లలతో రెండుసార్లు ఇలా ప్రయాణించాం. ఒకసారి ఆ బల్లే మా ప్రయాణం మొత్తానికి తీపి గుర్తుగా మిగిలింది. ఇంకోసారి నాలుగో రోజున బల్ల మార్పించుకున్నాం. రెండూ చూశాక కూడా ఉంచుకోమనే చెబుతున్నాను. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందుగా ఏర్పాటు ఎలా ఉంటుందో చెబుతాను. విడతల పద్ధతి ఉన్న ఓడల్లో తొలి విడత సాధారణంగా సాయంత్రం 5:30 - 6 గంటల మధ్య, రెండో విడత 8 - 8:30 మధ్య మొదలవుతుంది. రోజూ అదే సమయం, అదే బల్ల, అదే మనుషులు. వడ్డించే వెయిటరూ, అతని సహాయకుడూ కూడా మారరు. ప్రధాన భోజనశాలలో మెనూలో ఉన్నవి దాదాపు అన్నీ టికెట్టు ధరలోనే కలిసి ఉంటాయి. విడిగా తెప్పించుకున్న పానీయాలు ఎవరి క్యాబిన్ ఖాతాలో వాళ్లకే పడతాయి. కాబట్టి బిల్లు ఎవరు కట్టాలన్న ఇబ్బంది రాదు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ దాని గురించే ఉండేది.

మా మొదటి ప్రయాణంలో కూడా మీకు వచ్చినట్టే పదిమంది గుండ్రని బల్ల వచ్చింది. మా నలుగురితో పాటు ఉద్యోగ విరమణ చేసిన ఒక జంట, కాలేజీలో చదివే కొడుకుతో వచ్చిన ఒక తల్లి, అరవై దాటిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. మొదటి రాత్రి ఏమీ బాగా జరగలేదు. పొద్దుటినుంచీ సామాన్లు, వరసలు, భద్రతా శిక్షణ అన్నీ అయ్యేసరికి పిల్లలు అలిసిపోయారు. బాబు రెండుసార్లు బల్ల కిందకు జారాడు. పాప తల ఎత్తలేదు. అందరం పేర్లు చెప్పుకున్నాం, ఎవరి పేరూ ఎవరికీ గుర్తుండలేదు. క్యాబిన్‌కు వచ్చాక, విడిగా బల్ల అడిగి ఉంటే బాగుండేదని మావారితో అన్నాను.

రెండో రోజు ఓడ రేవులో ఆగింది. ఎండలో తిరిగి వచ్చాక మళ్లీ తయారై కిందికి వెళ్లే ఓపిక లేక, పై డెక్ మీది బఫేలో తినేసి పడుకున్నాం. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

మూడో రాత్రి వెళ్లి కూర్చోగానే ఆ అక్కచెల్లెళ్లలో పెద్దావిడ, "నిన్న మీ కోసం చూశాం. బాబుకు ఒంట్లో బాగానే ఉంది కదా?" అని అడిగారు. మేము వస్తామని ఇరవై నిమిషాల పాటు మొదటి వంటకం కూడా పెట్టించుకోకుండా కూర్చున్నారట. అది తర్వాత వెయిటర్ చెబితే తెలిసింది. ఒక బల్లకు వడ్డన అంతా కలిపి ఒకే వరుసలో జరుగుతుంది. కొందరు రాకపోతే వాళ్ల కోసం కాసేపు ఆగడం అక్కడ మామూలే. ఆ ఇరవై నిమిషాల్లో ఆకలి మీద ఉన్న ఆరుగురు మా నాలుగు ఖాళీ కుర్చీల వైపు చూస్తూ కూర్చున్నారన్నది నా మనసులో నాటుకుపోయింది. అందుకే మీరు ఇంకేం పాటించినా పాటించకపోయినా ఇది మాత్రం పాటించండి: ఏ రాత్రి అయినా రాలేమనుకుంటే ముందు రోజు భోజనం దగ్గరే వెయిటర్‌కూ, బల్ల దగ్గరి వాళ్లకూ చెప్పండి. అప్పటికప్పుడు మనసు మారితే క్యాబిన్‌లోని ఫోను నుంచి భోజనశాలకు కబురు పంపండి. రాకపోవడం తప్పు కాదు. బఫేకు వెళ్లవచ్చు, విడిగా డబ్బు కట్టే రెస్టారెంట్లకు వెళ్లవచ్చు, రేవులోనే ఆలస్యం కావచ్చు. తప్పల్లా వాళ్లను ఎదురుచూడనివ్వడమే.

ఆ మూడో రాత్రి నుంచే అన్నీ మారాయి. పెద్దావిడ కళ్లజోడు క్యాబిన్‌లో మరిచిపోయారు. పక్కనే ఉన్న మా పాపను మెనూ చదివి వినిపించమన్నారు. పాప నసుగుతూ మొదలుపెట్టి చివరిదాకా చదివింది. మర్నాడు ఆవిడ కళ్లజోడు పెట్టుకునే వచ్చినా మెనూ పాప చేతికే ఇచ్చారు. ఆ తర్వాత మిగిలిన అన్ని రాత్రులూ బల్లందరికీ మెనూ చదవడం పాప పని అయిపోయింది. నోరు తిరగని వంటకాల పేర్లను వెయిటర్‌ను అడిగి నేర్చుకుని మరీ చదివేది. పదకొండేళ్ల పిల్లను "ఏ తరగతి, ఏ బడి?" అని పెద్దవాళ్లు వరసగా అడిగితే ఒక్కో ముక్కతో సరిపెడుతుంది. చేతికి ఒక పని ఇస్తే దానంతటదే మాట్లాడుతుంది. ఇది నేను ఆ బల్ల దగ్గరే చూశాను.

బాబు సంగతి ఇంకోలా జరిగింది. ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన ఒకప్పుడు ఓడలు కట్టే యార్డులో వెల్డింగ్ పని చేశారు. బాబు ఆయన్ను సూటిగా, "ఇనుము నీళ్లలో మునుగుతుంది కదా, మరి ఈ ఓడ ఎందుకు మునగదు?" అని అడిగాడు. ఆయన వెయిటర్ చేత ఒక గిన్నెలో నీళ్లు తెప్పించారు. అందులో చెంచా వేస్తే మునిగింది. సాస్ పోసే చిన్న స్టీలు గిన్నె పెడితే తేలింది. లోపల ఖాళీ ఉన్న గిన్నె పెద్ద చోటు ఆక్రమించి చాలా నీటిని పక్కకు నెడుతుందని, అలా పక్కకు జరిగిన నీటి బరువు గిన్నె బరువుతో సమానమైన చోట అది ఆగి తేలుతుందని, ఓడ కూడా అంతేనని చెప్పారు. తర్వాత ఆ స్టీలు గిన్నెలో ఒక్కొక్క చెంచా నీళ్లే పోస్తూ ఎప్పుడు మునుగుతుందో బాబునే లెక్కపెట్టమన్నారు. అప్పటినుంచి వాడు రోజంతా ఓడలో తిరిగి, రాత్రికి ఆయన్ను అడగడానికి ఒక ప్రశ్న సిద్ధం చేసుకునేవాడు. పెద్ద అలలు వచ్చినా ఓడ అంతగా ఎందుకు ఒరగదని ఒక రోజు అడిగాడు. ఓడకు రెండు పక్కలా నీటి అడుగున రెక్కల్లాంటివి బయటికి చాచి ఉంటాయని, ఒరుగుడును అవే తగ్గిస్తాయని ఆయన చేతులు చాచి చూపించారు. మేము నలుగురం విడిగా కూర్చుని ఉంటే ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేవాళ్లం కాము.

ఇక రెండో ప్రయాణం. ఈసారి ఆరుగురి బల్ల వచ్చింది, మా నలుగురూ ఒక జంటా. ఆ జంటలో భర్త ప్రతి రాత్రీ వెయిటర్ మీద కసురుకునేవాడు. మా బాబు తినే తీరు మీద మాకు వినిపించేలా వ్యాఖ్యలు చేసేవాడు. ఇంకెవరైనా ఉంటే మాట పక్కకు మళ్లేది. అక్కడ ఉన్నది ఆయనా మేమే. నలుగురున్న కుటుంబానికి అన్నిటికంటే కష్టమైనది ఆరుగురి బల్ల అని అప్పటినుంచి నా గట్టి అభిప్రాయం. మనకు పొసగకపోతే తప్పించుకునే దారి లేదు. పొసిగినా ఆ ఇద్దరూ మన ఇంటి భోజనంలోకి వచ్చిన అతిథుల్లా బిగుసుకుని కూర్చుంటారు. పదిమందిలో అయితే ఒకరితో కుదరకపోయినా ఇంకొకరితో కుదురుతుంది. మీకు వచ్చింది పదిమంది బల్ల కాబట్టే ఉంచుకోమని ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

నాలుగో సాయంత్రం భోజనశాల తలుపులు తెరవకముందే మావారు వెళ్లి అక్కడి మేనేజర్‌తో మాట్లాడారు. ఆయన కారణం కూడా అడగలేదు. ఆ రాత్రే వేరే బల్ల ఇచ్చారు. ఇలాంటి విన్నపాలు వాళ్లకు ప్రతి ప్రయాణంలోనూ వస్తాయి. చాలా ఓడల్లో మొదటి రోజు మధ్యాహ్నమే బల్లల మార్పు కోసం ప్రత్యేకంగా కొంత సమయం కేటాయిస్తారు. మేము మూడు రాత్రులు భరించడం పొరపాటు. ఆ మూడు పూటల్లోనూ బాబు సగం తిని లేచిపోయాడు. మీకు మొదటి రాత్రి ముభావంగా గడిచిందని మార్చుకోకండి, అలసట వల్ల అలా జరుగుతుంది. కానీ ఎవరైనా పిల్లలను నొప్పిస్తే మాత్రం రెండో రాత్రి దాకా కూడా ఆగకండి. తర్వాత వాళ్లు నడవలో ఎదురైతే ఎలా అని నేను చాలా ఆలోచించాను. నిజంగానే ఎదురయ్యారు. తల ఊపి పలకరించుకున్నాం, అంతే.

ఎవరైనా మీకు "విడతలు ఎందుకు, నచ్చిన వేళకు వెళ్లి తినే పద్ధతి ఎంచుకోండి" అని సలహా ఇవ్వవచ్చు. 2000లో నార్వీజియన్ క్రూజ్ లైన్ ఆ పద్ధతిని తెచ్చాక మిగతా కంపెనీలు కూడా ఏదో ఒక రూపంలో దాన్ని అందుకున్నాయి. పిల్లల నిద్రవేళలు స్థిరంగా లేని కుటుంబాలకు అది మంచిదే. అయితే అందులో తలుపు దగ్గర "ఇతరులతో కలిసి కూర్చుంటారా?" అని అడిగితే వద్దనండి. రోజుకొక కొత్త గుంపుతో రోజూ మొదటి రాత్రే గడపాల్సి వస్తుంది. మూడో రాత్రి దాకా చేరనే చేరరు. డిస్నీ ఓడల్లో ఇంకో ఏర్పాటు ఉంది. 1998లో మొదటి ఓడ నుంచీ కుటుంబాలను మూడు భోజనశాలల మధ్య తిప్పుతారు, వెయిటర్లు కూడా వాళ్లతో పాటే తిరుగుతారు. చిన్నపిల్లలకు చోటు మారినా మనిషి మారకపోవడం గొప్ప ఊరట.

మీ ఇద్దరిలో గానీ పిల్లల్లో గానీ ఎవరికైనా ఏదైనా పదార్థం పడకపోతే బుకింగ్‌లోనే రాయించండి, మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌కు మళ్లీ నోటితో చెప్పండి. చాలా ఓడల్లో మర్నాటి మెనూ ముందు రాత్రే తెచ్చి చూపించి, ఏం కావాలో రాసుకుని వెళతారు. బల్ల దగ్గరి వాళ్లకు కూడా చెప్పాలి. ప్రేమకొద్దీ తమ పళ్లెంలోంచి పిల్లలకు పెట్టబోయేవాళ్లు ఉంటారు. ఇంకో జాగ్రత్త: క్యాబిన్ నంబరు బల్ల దగ్గర పైకి చెప్పకండి, పిల్లలకూ చెప్పవద్దని నేర్పండి. ఓడ ఫొటోగ్రాఫర్ బల్ల దగ్గరికి వచ్చినప్పుడు, మీ పిల్లలు ఉన్న ఫొటో ఎక్కడా పెట్టవద్దని మిగతావాళ్లతో మొహమాటం లేకుండా చెప్పవచ్చు. మేము చెప్పాం. ఎవరూ ఏమీ అనుకోలేదు.

తొలి విడతలో ఒకటే లోటు. రేవు నుంచి ఓడ సాయంత్రం కదిలే రోజుల్లో, తీరం దూరమవుతున్నప్పుడు మీరు భోజనం దగ్గర ఉంటారు. బాబుకు ఆ దృశ్యం చూడాలని ఉంటే ఆ ఒక్క రోజు బఫేకు వెళ్లండి, బల్లకు ముందే చెప్పి.

మొదటి రాత్రి పది నిమిషాలు ముందుగా వెళ్లండి. పిల్లల భోజనం ముందుగా తెమ్మని వెయిటర్‌ను అడగండి. తిన్నాక వాళ్లను పిల్లల క్లబ్‌లో దింపి మీలో ఒకరు తిరిగి రావచ్చు. బాబును మీ ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకోండి. పాపను మీ పక్క కుర్చీలోనే, రెండో వైపు కొత్తవాళ్లలో పెద్దవయసు ఆవిడ ఎవరైనా ఉండేలా కూర్చోబెట్టండి.