కెమెరా కోసమే ఐఫోన్ 14 ఇచ్చి 15 తీసుకోవచ్చా? రెండింటితో దర్రీల ఫొటోలు తీసినవాడిగా నా జవాబు

మీ చేతిలో ఐఫోన్ 14 ఉంది. ధర తగ్గింది కదా అని దాన్ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చి ఐఫోన్ 15 తీసుకోవాలనుకుంటున్నారు. మారేది కేవలం కెమెరా కోసమే కాబట్టి, బట్టల ఫొటోలకు, గుడులకు వెళ్లినప్పుడు తీసే ఫొటోలకు, రాత్రిపూట ఇంట్లో తీసేవాటికి నిజంగా తేడా తెలుస్తుందా అని అడిగారు. ఈ రెండు ఫోన్లూ మా ఇంట్లోనే ఉన్నాయి, ఇంచుమించు మీరు అడిగిన పనులకే వాటిని వాడుతున్నాం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలు, అంటే నూలు తివాచీలు, నేసే వీధుల్లో మా ఇల్లు ఒకటి. నేసేది బాపు (మా నాన్న), ఫొటోలు తీసి కొనేవాళ్లకు పంపడం, బేరం మాట్లాడడం నా పని. 14 నా దగ్గర రెండేళ్లకు పైగా ఉంది. తమ్ముడు 15 కొన్నాక, వాడు ఇంట్లో ఉన్నప్పుడల్లా ఒకే దర్రీని ఒకే చోట పరిచి రెండు ఫోన్లతోనూ తీసి, కంప్యూటర్ తెర మీద పక్కపక్కన పెట్టి చూసే అలవాటు చేసుకున్నాను. అలా చూసి తేల్చుకున్నది ముందే చెబుతాను: పగటి వెలుతురులో, దగ్గరి వివరం కావలసిన చోట 15 స్పష్టంగా మెరుగు, రాత్రిపూట రెండూ దాదాపు సమానం, రంగుల విషయంలో రెండూ ఒకేలా మోసం చేస్తాయి.

దగ్గరి వివరం అన్నానే, అదేమిటో ఒక సంఘటనతో చెబుతాను. దర్రీ కొనేవాళ్లు మొదట మొత్తం డిజైన్ చూస్తారు, ఆ తర్వాత తప్పకుండా అడిగేది నేత బిగువు చూపించమని. అందుకోసం 14ను బట్టకు దగ్గరగా తీసుకువెళ్తే రెండు ఇబ్బందులు వచ్చేవి. ఒక హద్దు దాటి దగ్గరకు పోతే ఫోకస్ కుదరదు, పైగా ఫోన్ నీడ, నా చేతి నీడ బట్ట మీదే పడతాయి. వెనక్కి జరిగి వేళ్లతో సాగదీసి రెండింతల జూమ్ పెడితే, 12 మెగాపిక్సెళ్ల సెన్సార్‌లో నడిమి భాగం, అంటే సుమారు 3 మెగాపిక్సెళ్లు మాత్రమే తీసుకుని, మిగిలినదాన్ని ఫోన్ ఊహించి పూరిస్తుంది. అలా తీసిన ఒక ఫొటో చూసి బాపు, "ఇది మన దర్రీయేనా బిడ్డా? దూదోలె మెత్తగ కనవడ్తున్నది, ఒక్క పోగన్న తెలుస్తలేదు" అన్నాడు. నలభై ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్న మనిషి కన్ను అది, తప్పు పట్టడానికి ఏమీ లేదు.

15లో ప్రధాన కెమెరా 48 మెగాపిక్సెళ్లది కావడం వల్ల, 2ఎక్స్ గుర్తును నొక్కినప్పుడు నడిమి భాగంలోని 12 మెగాపిక్సెళ్లను నేరుగా తీసుకుంటుంది. దీనికి విడిగా మరో లెన్స్ లేదు, కాబట్టి ప్రో ఫోన్లలో దూరంగా ఉన్నవి దగ్గరగా తీయడానికి విడిగా ఉండే టెలిఫొటో లెన్స్‌తో దీన్ని సమానం అనుకోకండి. సెన్సార్ మీద పక్కపక్కనున్న నాలుగేసి పిక్సెళ్లకు ఒకే రంగు వడపోత ఉంటుంది కాబట్టి, వాటిని విడదీసి వాడుకున్నప్పుడు రంగుల సూక్ష్మ వివరంలో కొంత లెక్కగట్టి వేసేదే ఉంటుంది. అయినా మా పనికి అది ధారాళంగా సరిపోయింది. రెండింతల దూరంలో నిలబడి తీస్తాను కాబట్టి నీడ పడదు. పడుగు మీద పేక ఎలా కూర్చుందో, ఎక్కడ పోగు తెగి ముడి వేశారో కూడా కనిపిస్తుంది. ఆ ఫొటో చూపిస్తే బాపు, "ఇగ లెక్కవెట్టొచ్చు" అని ఒక్క మాట అని లేచిపోయాడు. ఇంకో లాభం కూడా ఉంది, దీని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. దూరం నుంచి తీయడం వల్ల దర్రీ అంచులు వంకరపోకుండా నిటారుగా వస్తాయి. దగ్గర నుంచి 1ఎక్స్‌లో తీసిన ఆరడుగుల దర్రీ ఒకవైపు వెడల్పుగా, మరోవైపు సన్నగా కనిపించి, "కొలత సరిగా ఉందా?" అని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

జూమ్ లేకుండా తీసినా 15 మామూలుగా 24 మెగాపిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. 14లో పొడవు వైపు 4032 పిక్సెళ్లు ఉంటే ఇందులో 5712 ఉంటాయి. తెర మీద ఫొటో మొత్తాన్ని చూసినంతసేపూ ఈ తేడా తెలియదు. పెళ్లి ఆల్బంలో 18 అంగుళాల పేజీ నిండా వేయిస్తే మొదటిది అంగుళానికి 224 చుక్కల దగ్గర ఆగిపోతుంది, రెండోది 317 వరకు ఇస్తుంది. ప్రింటు చేసేవాళ్లు మామూలుగా అడిగే 300 దాటుతుంది. సన్నటి చారల దర్రీని కొంచెం దూరం నుంచి తీసినప్పుడు చారల మీద నీళ్ల అలల్లాంటి రంగుల మెలికలు కనిపిస్తాయి చూడండి, బట్టల వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ ఇది తెలిసిన తలనొప్పే. 15లో అవి తగ్గాయి, పూర్తిగా పోలేదు. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి మళ్లీ తీయడమే ఇప్పటికీ మందు.

ఇక రాత్రి సంగతి. కొత్త ఫోన్, నాలుగింతల మెగాపిక్సెళ్లు, కాబట్టి చీకట్లో ఇరగదీస్తుందని తమ్ముడు నమ్మాడు, నేనూ కొంత నమ్మాను. కార్తీకమాసంలో ఒక సాయంత్రం హన్మకొండ వేయిస్తంభాల గుడిలో దీపాలు వెలిగించాక ఇద్దరం పక్కపక్కన నిలబడి తీశాం. నున్నటి నల్లరాతి స్తంభాలు, వాటి మీద దీపాల మెరుపులు, వెనక చీకటి. కెమెరాకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష మన ఊళ్లో దొరకదు. ఇంటికి వచ్చి చూస్తే ఏది ఏ ఫోన్ ఫొటోయో ఫైలు వివరాలు తెరిస్తే తప్ప చెప్పలేకపోయాం. దీపాల వెలుగు లెన్స్‌లో ప్రతిఫలించి గాలిలో తేలినట్టు పడే ఆకుపచ్చ చుక్కలు కూడా రెండింటిలోనూ ఉన్నాయి.

ఎందుకిలా అని తర్వాత లెక్క వేసి చూశాను. 14లో ఒక్కో పిక్సెల్ 1.9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లెన్స్ ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/1.5. ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదైనట్టు. 15లో చీకట్లో నాలుగేసి పిక్సెళ్లు కలిసి ఒక్కటిగా పని చేస్తాయి, ఆ కలిసిన పిక్సెల్ 2 మైక్రాన్లు, కానీ లెన్స్ ఎఫ్/1.6. పిక్సెల్ వైశాల్యం సుమారు 11 శాతం పెరిగింది. ఎపర్చర్ చిన్నదైనందువల్ల లెన్స్ నుంచి వచ్చే వెలుతురు సుమారు 12 శాతం తగ్గింది. ఒకదాని లాభాన్ని మరొకటి కొట్టేసింది. నైట్ మోడ్‌లో 15 కూడా 24 వదిలేసి 12 మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తుంది. పైగా చీకట్లో 2ఎక్స్ వాడితే 1 మైక్రాన్ పిక్సెళ్ల మీద ఆధారపడాలి కాబట్టి గరుకుదనం ఎక్కువవుతుంది. రాత్రి 1ఎక్స్‌లోనే తీసి తర్వాత కత్తిరించుకోవడం మేలని నా అభిప్రాయం. మీ ప్రశ్నలో రాత్రి ఫొటోలే ముఖ్యమైతే ఇక్కడితో చదవడం ఆపేసి 14నే ఉంచుకోవచ్చు.

రంగుల విషయంలో నాకు డబ్బు పోయింది. ముదురు మెరూన్ దర్రీని ఇంట్లో ట్యూబ్‌లైటు కింద, తలుపులోంచి ఎండ వెలుతురు కూడా పడుతుండగా 14తో తీసి హైదరాబాద్‌లో ఒకరికి పంపాను. ఫొటోలో అది నిగనిగలాడే మిరపపండు ఎరుపులా వచ్చింది. డజను దర్రీలు పంపాక, మేము చూసింది ఇది కాదని వాళ్లు మొత్తం సరుకు తిప్పి పంపారు. రానుపోను రవాణా ఖర్చు మామీదే పడింది. 15తో ఈ బాధ ఉండదనుకుని అదే దర్రీని అదే చోట తీస్తే ఇంచుమించు అదే ఎరుపు వచ్చింది. కారణం ఇప్పుడు తెలుసు. ఫ్రేము నిండా ఒకే రంగు ఉన్నప్పుడు, దాని మీద రెండు రకాల వెలుతురు పడుతున్నప్పుడు, తెలుపు ఏదో కెమెరాకు అంతుచిక్కదు. అందులోనూ బాగా ముదిరిన ఎరుపులో ఎరుపు మోతాదు హద్దు దాటిపోయి వివరమంతా ఒక ముద్దగా మారుతుంది. ఎనుమాముల మార్కెట్లో ఎండలో పోసిన మిర్చి రాశిని ఫోన్‌తో తీసి చూడండి, కాయ కాయ విడిగా తెలియదు.

రెండు ఫోన్లకూ పనిచేసిన పద్ధతి ఒకటే. దర్రీని వరండా నీడలోకి తెచ్చి, లైట్లు ఆర్పి, పక్కన ఒక తెల్ల కాగితం పెడతాను. తెర మీద బట్టను వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరిపి తీస్తాను. ఫోన్‌తో వచ్చే కెమెరా యాప్‌లో ఫొటోలకు వైట్ బ్యాలెన్స్‌ను, అంటే తెలుపు తెల్లగా వచ్చేలా చేసే రంగుల సర్దుబాటును, మన చేత్తో పెట్టుకునే వీలు ఈ రెండు ఫోన్లలోనూ లేదు కాబట్టి, ఆ తెల్ల కాగితమే తర్వాత రంగు సరిచేసుకోవడానికి ఆధారం. ఈ పద్ధతికి ఖర్చేమీ లేదు, ఫోన్ మార్చడానికి అయ్యే డబ్బుతో పోల్చుకోండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఎక్కువ వెడల్పు పట్టే అల్ట్రావైడ్ కెమెరా రెండింటిలోనూ 12 మెగాపిక్సెళ్లు, ఎఫ్/2.4, సెల్ఫీ కెమెరా రెండింటిలోనూ 12 మెగాపిక్సెళ్లు, ఎఫ్/1.9, ఆటోఫోకస్‌తో. వీటి గురించి ఆలోచించే అవసరమే లేదు. పోర్ట్రెయిట్‌లో మాత్రం 15 బాగుంది. మనిషి కనిపిస్తే మామూలు ఫొటోలోనే లోతు వివరం దాచుకుంటుంది, తర్వాత తీరిగ్గా వెనక భాగాన్ని మసకబార్చుకోవచ్చు. 2ఎక్స్‌లో తీసిన ముఖం కూడా సహజంగా వస్తుంది. మా అవ్వ కెమెరా వంక చూసి బిగుసుకుపోకముందే తీసిన ఫొటోలు అలా రెండు మూడు పనికొచ్చాయి. వీడియోలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సద్దుల బతుకమ్మ నాడు లైట్ల కింద తీసిన వీడియోల్లో వెలుగు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తే తప్పు ఫోన్‌ది కాదు, మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడం వల్ల అలా జరుగుతుంది. సెట్టింగ్స్‌లో వీడియో విభాగంలో పీఏఎల్ ఫార్మాట్లు కనిపించేలా చేసి, సెకనుకు 25 ఫ్రేములు పెట్టుకుంటే 14లోనే చాలావరకు తగ్గుతుంది.

గుడుల ఫొటోలు అడిగారు కాబట్టి రామప్ప గురించి ఒక మాట. 1213 నాటి ఆ గుడి చూరు కింద ఉండే నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు) ఎత్తులో ఉంటాయి, వాటి వెనక తెల్లటి ఆకాశం ఉంటుంది. 14తో తీస్తే శిల్పం నీడలా నల్లగా రావడం, జూమ్ చేస్తే నగల చెక్కడం చెరిగిపోవడం జరిగేవి. 15లో 2ఎక్స్‌తో నగలు విడివిడిగా తెలిశాయి, నీడలోని వివరం కూడా కొంత మెరుగు. ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్లి వచ్చేవాళ్లకు ఇంతకోసం ఫోన్ మార్చమని నేను చెప్పను. బట్టలో పోగు చూపించి అమ్ముకునేవాళ్లకు మాత్రం మార్చమనే చెబుతాను. అయితే ఆ ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించి పంపుతుంది, 24 మెగాపిక్సెళ్లు దారిలోనే కరిగిపోతాయి. హెచ్‌డీ ఎంచుకోండి, లేదంటే డాక్యుమెంట్ రూపంలో పంపండి.

కొనే ముందు షాపుకు వెళ్లేటప్పుడు ఒక చారల తువ్వాలు, మీ దగ్గరున్న ముదురు ఎరుపు బట్ట ఏదైనా వెంట తీసుకెళ్లండి. షాపులోని లైట్ల కింద వద్దు, గుమ్మం దగ్గర నీడలో పరిచి, మీ 14తో వేళ్లతో జూమ్ చేసి ఒకటి, షాపులోని 15తో 2ఎక్స్ నొక్కి ఒకటి తీయండి. రెండింటినీ సాగదీసి చారల అంచులను చూడండి. అక్కడ కనిపించిన తేడా మీ పనికి అవసరమా కాదా అన్నది అక్కడే తేలిపోతుంది. ఎరుపు మాత్రం రెండింటిలోనూ తప్పుగానే వస్తుంది, దానికి షాపువాళ్లతో గొడవ పెట్టుకోకండి.