నోటికి కరెంటు పెట్టే ముందు

చిత్తూరు,
శనివారం

అమ్మణ్ణీ,

అబ్బాయికి నాలుక క్యాన్సర్ ఆపరేషన్ బాగానే అయిందనీ, కరెంటు (రేడియేషన్) పెట్టాల్సి ఉందనీ, అది తిరుపతిలోనే పెట్టించుకుంటారనీ మీ నాయన ఫోన్ చేసినాడు. ఫోన్లో ధైర్యం చెప్పినాను గానీ చేయాల్సిన పనులు చెప్పలేదు. మీ మామకు బుగ్గ లోపల పుండుకు కరెంటు పెట్టించి ఈ ఉగాదికి తొమ్మిదేండ్లు. ఇన్నేండ్లూ ఆ నోటిని దగ్గరుండి చూసుకున్నదాన్ని నేనే. ఈ జాబు పారేయకుండా ఉంచుకో.

అన్నిటికంటే ముందు పళ్లు. కరెంటు మొదలుకాకముందే పంటి డాక్టరుకు చూపించండి. పుచ్చి పనికిరానివి, కదిలేవి ఉంటే ఇప్పుడే పీకించాల. పీకిన చోటు మానడానికి కనీసం రెండు వారాలన్నా పడుతుంది. కరెంటు వాళ్లేమో ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపల మొదలుపెట్టాలని చూస్తారు. అందుకే ఈ వారమే పోండి అంటున్నా. కరెంటు తగిలిన దవడ ఎముకకు ఆ తర్వాత రక్తం సరిగా అందదు. అప్పుడు పన్ను పీకితే గుంట పూడక, ఎముక బయటపడి, ఆ ఎముకే చచ్చుబడే ప్రమాదం ఉంది. ఏడాదికో రెండేండ్లకో తీరిపోయే భయం కాదది, బతికినన్నాళ్లూ ఉంటుంది.

ఇది నేను పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. మూడో ఏడు మీ మామకు కింది దంతం నొప్పి పుట్టింది. నాకు చెప్పకుండా దగ్గర్లో ఉన్న క్లినిక్కుకు పోయినాడు. వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. ఐదు నిమిషాల్లో పన్ను పీకి చేతిలో పెట్టినారు. దానికి ఏడాదిన్నర తిరిగినాం. చీము, నొప్పి, బియ్యపు గింజంత ఎముక ముక్కలు ఊడిరావడం, చివరికి ఇంకో ఆపరేషన్. ఎవర్ని తిట్టేది? కరెంటు ఫైలు బీరువాలో పెట్టి తాళం వేసింది నేనే. కరెంటు మోతాదు ఎన్ని గ్రేలు పెట్టినారో, ఏ పక్క పెట్టినారో ఆ ఫైల్లో రాసుంటుంది. ఏ పంటి డాక్టరు దగ్గరికి పోయినా ముందు అది చూపించాల.

మా అప్పుడు కరెంటుకు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి, కాదంటే రాయవేలూరు (వెల్లూరు). ఇప్పుడు అలిపిరి దగ్గర 2022లో తెరిచిన క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. ఎక్కడైనా పద్ధతి ఒకటే. తల కదలకుండా ముఖానికి అచ్చు తీసి మాస్కు చేస్తారు, వారానికి ఐదు రోజుల లెక్కన 30 నుంచి 35 సార్లు పెడతారు. పడుకుని లేచినంతసేపే, పెట్టేటప్పుడు నొప్పి ఉండదు. అందుకే మొదటివారం అబ్బాయి "ఇంతేనా" అంటాడు. మీ మామా అట్లనే అన్నాడు. పూతలపట్టు మీదుగా రోజూ బస్సులో వచ్చిపోదాం, రూము దండగ అన్నాడు. మూడో వారం నోరంతా పూసింది. బుగ్గలు, నాలుక ఎర్రబడి, తెల్ల పొరలు కట్టి, మంచినీళ్లు మింగినా కండ్లలో నీళ్లు. మీరు మాత్రం తిరుపతిలోనే రూము తీసుకోండి.

ఆ పూత కరెంటు అయిపోయే నాటికి ముదురుతుంది, అయిపోయినాక కూడా రెండు మూడు వారాలు ఏడిపిస్తుంది. నొప్పికి తాళలేక "ఇక చాలు, నేను పోను" అంటాడు. వినొద్దు. మధ్యలో రోజులు తప్పితే చేసిన వైద్యం బలం తగ్గుతుంది. నొప్పి ఉందని డాక్టరుకు గట్టిగా చెప్పు. తినే ముందు నోరు మొద్దుబారడానికి మందిస్తారు. అవసరమైతే మార్ఫిన్ కూడా ఇస్తారు, పేరు విని బెదిరిపోవద్దు. తెల్లగా పెరుగు మీగడలాంటి మచ్చలు వస్తే అది ఫంగస్ కావచ్చు, దానికి మందు వేరు. కీమో కూడా పెడుతుంటే జ్వరం 100 దాటిందంటే తెల్లారేదాకా ఆగొద్దు.

పుక్కిలింత నీళ్లు నువ్వే కలుపు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు ఒక టీ చెంచా ఉప్పు, ఒక టీ చెంచా వంటసోడా. రెండు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ. ఏ రోజువి ఆ రోజే. అంగట్లో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లు వద్దు, వాటిలో స్పిరిట్ ఉంటే పుండు మీద నిప్పు పోసినట్టే. బ్రష్షు చిన్నపిల్లలు వాడే మెత్తనిది కొను. ఖైనీ మానేసినాడు కదా? ఇంట్లో వక్కాకు తట్ట కూడా తీసెయ్.

తిండి గురించి రాయాలంటే పేజీలు చాలవు. కారం, చింతపండు, టమోటా కొన్నాళ్లు మర్చిపోండి. సంగటి ముద్ద దిగదు, పలచటి రాగిజావ దిగుతుంది. పప్పు, అన్నం మెత్తగా మిక్సీ పట్టి నెయ్యి వెయ్యి. గుడ్డు పాలల్లో గిలకొట్టి సన్న సెగ మీద ఉడికించు. పులవని పెరుగు, చల్లటి పాలు. వేడివేడిగా ఏదీ ఇవ్వొద్దు. వారానికోసారి తూకం చూడు. బరువు తగ్గితే మాస్కు కూడా వదులైపోతుంది. ముక్కులో గొట్టం వేస్తామంటే ఏడవొద్దు, కొన్నాళ్లే. గొట్టం ఉన్నా డాక్టరు సరేనంటే రోజూ గుక్కెడు నీళ్లు మింగిస్తూ ఉండు, లేదంటే గొంతు మింగడం మర్చిపోతుంది. నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంటే ఆ రోజే చెప్పాల.

రుచి పోతుంది. ఎవరో కొండకు పోయి లడ్డు తెచ్చిస్తే మీ మామ ఇంత నోట్లో వేసుకుని "ఇసుక నమిలినట్టుందే" అన్నాడు. ఆ రోజు వంటింట్లోకి పోయి ఏడ్చినా. ఆరో నెలలో పచ్చిపులుసు పోసుకుని "ఉప్పెక్కువైంది" అన్నాడు చూడు, ఆ మాట వినడానికి అన్నాళ్లూ కాచుకున్నా. ఉమ్మి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పటికీ తలాపున నీళ్ల చెంబు లేనిదే పడుకోడు. ఉమ్మి తగ్గితే పళ్లు చిగుళ్ల దగ్గర తొందరగా పుచ్చుతాయి, కాబట్టి ఫ్లోరైడ్ జెల్ రాయించుకోండి, ఆర్నెల్లకోసారి చూపించుకోండి.

ఇంకొకటి. ఈ రోజే అబ్బాయి నోట్లో ఎన్ని వేళ్లు నిలువుగా పడతాయో చూసి రాసిపెట్టు. మామూలుగా తన వేళ్లు మూడు పట్టాల. కరెంటు తర్వాత దవడ మెల్లగా బిగుసుకుంటుంది. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి సాగదీయడం ఆసుపత్రిలో నేర్పిస్తారు. విసుగు పని. మీ మామ రెండు నెలలు ఎగ్గొట్టి రెండు వేళ్లకు వచ్చినాడు, ఇంకా రెండు వేళ్లే.

సోమవారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నా. చిన్న మిక్సీ జారు, రాగిపిండి తెస్తా. పంటి డాక్టరు దగ్గర ఆ రోజుకే టోకెన్ రాయించు, నేనూ వస్తా.

మీ అత్త